ధ్యానంల కూసున్న పది నిమిషాలకే దౌడ, మెడ బిగుసుకుంటున్నయ్. ఎక్కడ సరిచేసుకోవాలె?

వడ్డేపల్లి గట్టు:

అందరికి నమస్తే. ఉండేది హన్మకొండ. పొద్దున అయిదున్నరకు శ్వాస మీద ధ్యాస పెట్టి 30 నిమిషాలు కూసుంట. అయిదు నెలలయింది. మొదటి పది నిమిషాలు ఏ ఇబ్బంది ఉండది. పదకొండు, పన్నెండో నిమిషానికి కింది దౌడ దానంతట అదే బిగుస్తది, పై పండ్లకు కింది పండ్లు ఆనుతయ్. ఆ వెనక కనుబొమ్మల నడుమ ముడి పడ్డట్టు ఉంటది. ఇరవై నిమిషాలు దాటితె కుడి భుజం చెవి దిక్కు లేస్తది, మెడ కుడి పక్కకు, జర వెనక్కు గుంజినట్టయితది. యాదికొచ్చి వదిలిపెడితె వదుల్తది. పది పన్నెండు శ్వాసలల్ల మళ్ల అదే కథ. మిగతా రోజంత పని చేసుకునేటప్పుడు ఇట్ల ఉన్నట్టే తెల్వది.

కూసునే తీరు: బండల మీద ఒక్క మడత షత్రంజీ, సుఖాసనం, కుడికాలు ఎప్పుడూ మీదికే. చేతులు చాపి మోకాళ్ల మీద చిన్ముద్ర (బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి). చూపు కనుబొమ్మల నడుమకు. కూసునే ముందు ఇరవై నిమిషాలు భస్త్రిక, కపాలభాతి (జోరుగ గాలి ఆడించే ప్రాణాయామాలు). అప్పుడప్పుడు వేళ్ల కొసలకు, పెదవుల చుట్టు చీమలు పాకినట్టు అయితది.

ఏ కండరం ఏ పని మీద బిగుస్తున్నది? వదిలినా మళ్లెందుకొస్తున్నది? ఇద్దరు ముగ్గురు "నాడీమండల శుద్ధి అయితున్నది, ఓర్చుకో" అన్నరు. ఓర్చుకునేదే అయితె ఓర్చుకుంట. ఓర్చుకునేది ఏదో, సరిచేసుకునేది ఏదో ఎట్ల తెలుస్తది? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

మానేరు ఒడ్డు (ఫిజియోథెరపీ):

అన్నా, మీరు రాసిన దాంట్లనే సగం జవాబున్నది. ఒక్క మడత షత్రంజీ, ఎప్పుడూ కుడికాలే మీద, చాపిన చేతులు. ఈ మూడూ కలిసినయంటే మెడ మీద భారం పడక తప్పదు.

కిందినుంచి పైకి చూద్దాం. తుంటి, తొడ వెనక కండరాలు బిగువుగా ఉన్నవాళ్లు నేలకు సమంగా కూర్చుంటే మోకాళ్లు తుంటి కన్నా పైన ఉంటయి. అప్పుడు కటి ఎముక వెనక్కు ఒరుగుతది. నడుము గుండ్రమై ఛాతీ కుంగుతది, తల ముందుకు జరుగుతది. తల బరువు దాదాపు 5 కిలోలు. వెన్నెముక మీద నిలువుగా నిలబడితే ఆ బరువును ఎముకలు మోస్తయి. నాలుగు వేళ్లు ముందుకొచ్చిందంటే మెడ వెనక కండరాలు తాళ్ల లెక్క పట్టి ఉంచాలె. అయినా ముఖం నిటారుగా ఉండాలని మీకు తెలియకుండానే గదుమ పైకి లేస్తది, పుర్రె అడుగునున్న చిన్న కండరాలు కుదించుకపోతయి. మెడ వెనక్కు గుంజినట్టు అనిపించేది ఇదే. గదుమ లేస్తే గొంతు ముందరి కండరాలు సాగి కింది దౌడను కిందికి గుంజుతయి. నోరు తెరుచుకోకుండా దౌడ కండరం ఎదురు గుంజుతది. అంటే మీ దౌడ బిగువు మొదలు నడుములో ఉండి ఉండవచ్చు.

పదకొండో నిమిషం దాకా ఎందుకు ఆగుతున్నది? చిన్న బరువును ఏ కండరమైనా కొన్ని నిమిషాలు చప్పుడు చేయకుండా మోస్తది. అలిసినంక పక్కదాన్ని సాయం పిలుస్తది. అందుకే వరుసగా ఒకదాని వెనక ఒకటి వస్తున్నయి.

ముందు పీట, అంటే మీరు కింద వేసుకుని కూర్చునేది, ఎత్తు పెంచుండ్రి. నాలుగు నుంచి ఆరు అంగుళాలు కావాలె. మెత్తటి దిండు పెట్టకండి, పది నిమిషాల్లో కుంగి మళ్లీ మొదటికొస్తది. గట్టిగా మడిచిన జంపఖానా, దాని మీద ఒక బొంత మడత మంచిది. మొత్తం పీట మీద ఎక్కి కూర్చోవద్దు, ముందరి మూడోవంతు మీదనే పిరుదులు ఆనాలె, కాళ్లు నేల మీద ఉండాలె. పక్కనుంచి ఎవరినన్నా ఫొటో తీయమనుండ్రి. మోకాలు తుంటి కన్నా కిందికి ఉన్నదా లేదా అందులో తెలుస్తది. మోకాలి కింద పిడికిలి పట్టేంత సందు మిగిలితే తువ్వాల మడిచి ఆ సందు నింపుండ్రి. గాలిలో వేలాడే మోకాలు గజ్జ కండరాన్ని ఊరుకోనియ్యదు.

ఇప్పుడు కటిని నిలబెట్టే పద్ధతి. పిరుదుల కింద అరచేయి పెడితే గుండ్రటి రెండు ఎముకలు తగులుతయి. వాటి మీద ముందుకూ వెనక్కూ ఐదారుసార్లు ఊగి, ఊపు తగ్గించుకుంటూ నడుమ ఆగుండ్రి. సరిగ్గా ఆగినరా లేదా రెండు చోట్ల వేలు పెట్టి చూసుకోవాలె. ఒకటి నడుము దగ్గర వెన్నెముకకు రెండు వేళ్ల పక్కన. ఇంకోటి మెడ వెనక, వెంట్రుకలు మొదలయ్యే చోట. నడుము దగ్గర గట్టిగా తాడులెక్క తగిలితే ఛాతీ మరీ విరుచుకున్నరు. నడుము మెత్తగా ఉండి మెడ వెనక గట్టిగా ఉంటే కుంగిపోయినరు. రెండూ ఓ మోస్తరు మెత్తగా ఉన్న చోటే మీ చోటు. చాలామంది "వెన్ను నిటారు" అనంగనే ఛాతీ ముందుకు పొడుస్తరు, అది కూడా బిగువే.

కుడి పక్కకు మెడ గుంజుడుకు మొదటి అనుమానం కాలు మీదనే. రోజూ ఒకే కాలు మీదికొస్తే కటి ఒక పక్కకు ఒరుగుతది, వెన్ను దాన్ని సరిచేసుకోను పైన ఎదురు వంపు తిరుగుతది. ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ పెట్టుండ్రి. లేదా ఒకదాని మీద ఒకటి వేయకుండా రెండు మడమలూ ముందూ వెనకా నేల మీద పెట్టుండ్రి.

చేతుల సంగతి చాలామంది పట్టించుకోరు. ఒక్కో చేయి ఒంటి బరువులో దాదాపు 5 శాతం. అరవై కిలోల మనిషికి ఒక్కో చేయి మూడు కిలోలు. మోకాళ్ల మీదికి చాపి పెడితే ఆ బరువు భుజం ముందుకు గుంజుతది, రెక్కల నుంచి మెడకు పోయే కండరం దాన్ని ఎత్తి పట్టుకుంటది. ఒడిలో మడిచిన దుప్పటి పెట్టి దాని మీద చేతులు పెట్టుండ్రి. మోచేతులు భుజాల కిందనే వేలాడాలె. చిన్ముద్ర కూడా అక్కడే పట్టవచ్చు, వేళ్లు ఒకదాన్నొకటి తాకితే చాలు, నొక్కవద్దు.

చలికాలం ఒక మాట. డిసెంబరు, జనవరిలో మన దిక్కు తెల్లవారుజామున బండలు ఐసులెక్క ఉంటయి. చలికి కండరం బిగువు పెరుగుతది, వణుకు రాకముందే పెరుగుతది. కింద రెండు పొరలు, మెడకు మఫ్లరు, కాళ్లకు సాక్సు వేసుకుని కూర్చోవాలె.

కాళ్లు మడిచినప్పుడు మోకాలి బయటి వైపు, కొంచెం కింద, ఎముక మీదుగా ఒక నరం పోతది. అది నొక్కుకుంటే పాదం తిమ్మిరెక్కుతది. కాళ్లు చాపినంక నిమిషాల్లో పోతే భయం లేదు. పాదం పైకెత్తరాకుండా ఈడ్చినట్టు అయి, అది తగ్గకపోతే మాత్రం ఆ కూర్చునుడు ఆపి డాక్టరుకు చూపించాలె. మోకాలి లోపలి వైపు నొప్పి వస్తే కూడా ఓర్చుకోవద్దు.

కొత్తవాడ మగ్గం:

షత్రంజీ మాట వచ్చింది గనుక. షత్రంజీ అన్నా జంపఖానా అన్నా ఒకటే. వరంగల్ జంపఖానాలకు 2018ల జీఐ (ఫలానా ఊరి సరుకు అనే) గుర్తింపు వచ్చింది, మన ఇండ్లల్ల ఒకటన్న ఉంటది. దాన్నే పీట చేసుకునేటప్పుడు పొడుగు దిక్కు మూడు మడతలు పెట్టి, ఆ తర్వాత చాప లెక్క గట్టిగ చుట్టుకుంట రావాలె. ఊకె మడతలు పెడితె అంచు దగ్గర వదులుంటది, కూసున్నంక ముందుకు జారుతది. చుట్టిన దాన్ని రెండు చోట్ల తాడుతోని కట్టి, మీద వంచి నొక్కి చదును చేసుకోవాలె. మందం చాలకపోతె రెండోది కలపాలె. కొత్తదానికంటె నాలుగైదుసార్లు ఉతికిన పాతదే నయం, జారది.

పాకాల తూము:

పీట ముందుగాల సరిచేసుకోండ్రి. అది అయినంక గూడ కనుబొమ్మల ముడి మిగుల్తది. ఎందుకంటె అది పీటది కాదు, ధ్యాసది.

ఎవలన్న సూదిల దారం ఎక్కిస్తుంటె ముఖం చూడుండ్రి. కనుబొమ్మలు దగ్గరికొస్తయ్, పెదవులు బిగుస్తయ్, ఊపిరి ఆగుతది. మనసు పెట్టి చూసుడంటె మన ఒంటికి చిన్నప్పటిసంది తెలిసిన తొవ్వ అదొక్కటే. ధ్యానంల పది నిమిషాలు గడిచినంక శ్వాస సన్నబడుతది. ఎప్పటి లెక్క మంచిగ దొరకది. దొరకని దాన్ని పట్టుకోవాలని ధ్యాస గట్టిపడుతది, దానెంబడే ముఖం బిగుస్తది. మీకు సరిగ్గ అదే టైముకు మొదలయితున్నదంటె నాకు దీని మీదనే ఎక్కువ అనుమానం. శ్వాస సన్నబడ్డప్పుడు దాని ఎంట పడొద్దు. నడుచుకుంట పోయే మనిషిని అరుగు మీద కూసోని చూసినట్టు చూడాలె. దొరికినంత చాలు, ఒక శ్వాస దొరక్కపోతె తర్వాతది దొరుకుతది.

చూపు కనుబొమ్మల నడుమకు పెట్టినమని రాసిండ్రు. అంటె రెండు కనుగుడ్లు లోపలికి, మీదికి తిప్పి అరగంట పట్టుకుంటున్నరు. కండ్లు తిప్పే కండరాలు అలుస్తయ్, నొసలు గూడ మీదికి లేస్తది, తలనొప్పి వస్తది. పరీక్ష చేసుకోండ్రి: కనుబొమ్మ మీద వేలు ఆనించి, మూసిన కండ్లను మీదికి తిప్పుండ్రి, వేలి కింద కదలిక తెలుస్తది. ఇగ మూసిన రెప్పల కిందనే మూడు నాలుగు అడుగుల దూరంల నేలను చూసినట్టు చూపు దించుండ్రి, ఆ కదలిక పడిపోతది. ఒక నెల అట్లనే ఉంచుండ్రి. భ్రూమధ్యం మీద ధ్యాస పెట్టొచ్చు, గుడ్లు తిప్పే పని లేదు. ఆ చోట గాలి తాకుతున్నట్టు అనుకుంటె సరిపోతది.

దౌడకు ఒక చిన్న ఉపాయం. "మ్" అని పలికి అట్లనే ఆగుండ్రి. పెదవులు కలిసి ఉంటయ్, పండ్లు కలవయ్. నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల సందు. దౌడకు అదే విశ్రాంతి చోటు. నాలుక కొస పై పండ్ల వెనక చిగురుకు ఊరికె ఆనాలె. కొందరు నాలుక మీదికి మడిచి పెట్టుమంటె అంగిలికి గట్టిగ నొక్కుతరు, నాలుక నొక్కితె దౌడ బిగుస్తది.

ఇగ వదిలినా ఎందుకు మళ్లొస్తదంటె, మీరు "వదులు" అని ఆర్డరు వేస్తున్నరు. ఆర్డరు వేసుడు గూడ ఒక పనే, కండరానికి పని తప్ప ఇంకోటి తెల్వది. ఇట్ల చెయ్యుండ్రి. బిగువు తెలిసినప్పుడు వెంటనే వదలొద్దు. ముందుగాల అది ఎక్కడున్నది, ఎంత మేరకున్నది చూడుండ్రి. రూపాయి బిళ్లంతనా, అరచేయంతనా? మూడు శ్వాసలు అట్లనే చూడుండ్రి. నాలుగో శ్వాస లోపలికి పోయేటప్పుడు ఆ బిగువును మీరే కావాలని కొంచెం, పదిట్ల ఒకవంతు, పెంచుండ్రి. శ్వాస బయటికి వచ్చేటప్పుడు పెంచినదాన్ని తీసెయ్యుండ్రి. దానెంబడి పాతది గూడ కొంత పోతది. తెల్వకుండ జరుగుతున్న పనిని ఒకసారి తెలిసి చేస్తెనే దాన్ని ఆపే దారి దొరుకుతది. తర్వాత ధ్యాసను ముఖం మీద నిలబెట్టొద్దు. అరచేతులకో, పాదాలకో, బయట పిట్టల చప్పుడుకో ఒక నిమిషం వెడల్పు చేసి, అప్పుడు శ్వాస కాడికి రావాలె. ఒక్క కూర్చునుడుల మూడోసారి గూడ అదే చోట బిగిస్తె ఆ రోజుకు లెవ్వాలె. బలవంతం చేస్తె రేపటికి ఒళ్లు ఇంకింత ముందుగాల బిగుస్తది.

టైము సంగతి. మీకు 11వ నిమిషంల మొదలయితున్నది. అట్లయితె 9 నిమిషాలు కూసోని లెవ్వుండ్రి. మూడు నిమిషాలు మెల్లగ నడువుండ్రి, మళ్ల 9 నిమిషాలు. వారానికి రెండు నిమిషాలు పెంచుకుంట పోండ్రి. బిగువు రాకముందే లేచినప్పుడు ఒళ్లు ఆ పీటకు బిగువును జతచేసుకోది.

నాడీమండల శుద్ధి అన్నోళ్లను నేను తప్పు పట్ట. కానీ పతంజలి ఈ సంగతి ఎప్పుడో చెప్పిండు. యోగసూత్రాలు, మొదటి పాదం 31ల దుఃఖం, దౌర్మనస్యం (మనసు కుంగుడు), అంగమేజయత్వం, శ్వాసప్రశ్వాసలు (ఊపిరి నిలకడ తప్పుడు) అని చెప్పి, ఇవన్ని విక్షేపాలకు, అంటె చిత్తాన్ని చెదరగొట్టేటియాటికి, తోడు వచ్చేటివి అన్నడు. అంగమేజయత్వం అంటె అవయవాల వణుకు, అదురు. అంటె చిత్తం చెదిరినదానికి గుర్తు, సాధన ముదిరినదానికి కాదు. రెండో పాదంల 46ల స్థిరసుఖం ఆసనమని చెప్పి, అది ఎట్ల వస్తదో 47ల చెప్పిండు: ప్రయత్నశైథిల్యం. ప్రయత్నాన్ని వదులు చేసుడు. అంటె ప్రయత్నం తగ్గాలె అని, ఓర్పు పెరగాలె అని కాదు.

ఓరుగల్లు తోరణం:

పాకాల తూము గారు చెప్పినదాంట్లో ఒక దగ్గర నాకు వేరే అభిప్రాయం. మూడోసారి బిగిస్తే లేవమన్నారు. పదిరోజుల విపశ్యన (ఒంట్లో కలిగే స్పర్శలను గమనించే బౌద్ధ ధ్యానం) శిబిరాల్లో నాలుగో రోజు నుంచి గంటసేపు కదలకుండా కూర్చునే అధిష్ఠానం ఉంటుంది. బాధ వచ్చిన ప్రతిసారీ లేచిపోతే దాన్ని సమంగా చూడడం ఎప్పటికి వస్తుంది?

పాకాల తూము:

మంచి మాట అడిగిండ్రు. అధిష్ఠానంల గూడ ముందుగాలనే మంచి తీరుగ కూసునే వీలిస్తరు. దిండ్లు పెట్టుకోవచ్చు, ఇబ్బంది ఉన్నోళ్లకు కుర్చీ గూడ ఇస్తరు. దురద, మంట, నొప్పి వచ్చిపోవుడు చూసుడు వేరు, కండరం తనంతట తాను పని చేస్తుంటె దాన్ని పట్టి ఉంచుడు వేరు. వేలు పెట్టి చూస్తె గట్టిగ ఉన్నదంటె అక్కడ పని జరుగుతున్నది. కదలకుండ ఉన్నమని దాన్నే గంటసేపు చేస్తె కండరానికి అలుపే గాని సమత్వం కాదు. శిబిరంల గురువు ముందట ఉంటరు, అక్కడ వాళ్ల మాట వినాలె. నేను చెప్పింది ఇంట్ల ఒక్కలే కూసునేటోళ్లకు.

ఓర్చుకునేదా, సరిచేసుకునేదా అని వడ్డేపల్లి గట్టు అడిగిండు గద. ఒక వారం కుర్చీల కూసోని చూడుండ్రి, అదే టైము, అదే ధ్యాస. కుర్చీల పోయిందంటె అది పీటది. కుర్చీలగూడ ముఖం బిగుస్తె ధ్యాసది. పడుకున్నా, నడుస్తున్నా, చాయ్ తాగుతున్నా వస్తె డాక్టరుది.

ఎర్రగట్టు గుట్ట (వైద్యం):

వేళ్ల కొసల్లో, పెదవుల చుట్టూ చీమలు పాకడం గురించి పైన ఎవరూ జవాబు రాయలేదు. అది మెడ నరానిది కాకపోవచ్చు. ఇరవై నిమిషాలు భస్త్రిక, కపాలభాతి చేసి వెంటనే కూర్చుంటున్నారు. అవసరానికి మించి గాలి మార్చినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, రక్తం క్షారం వైపు జరుగుతుంది. అప్పుడు రక్తంలో విడిగా తిరిగే కాల్షియం కొంత ప్రోటీన్‌కు అతుక్కుపోతుంది. నరాలు చిన్న దానికే స్పందిస్తాయి. ముందు తిమ్మిరి, చీమలు. ఇంకా ఎక్కువైతే వేళ్లు నిటారుగా దగ్గరకొచ్చి, బొటనవేలు అరచేతిలోకి మడుచుకుని చేతులు కొంకర్లు పోతాయి. చూసినవాళ్లు ఫిట్స్ అనుకుని భయపడతారు. ఆ సమయంలో చేయవలసింది శ్వాసను చిన్నగా, నెమ్మదిగా, ముక్కుతో తీసుకోవడం. పేపరు కవరులో ఊదడం పాత అలవాటు, వద్దు. గుండె, ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఆయాసపడుతున్న మనిషికి అది ప్రమాదం.

కాబట్టి భస్త్రిక, కపాలభాతి సగానికి తగ్గించి, అయ్యాక పది నిమిషాలు మామూలుగా తిరిగి కూర్చోండి. ధ్యానంలో కూడా ముక్కు దగ్గర గాలి బాగా తెలియాలని గట్టిగా పీల్చేవాళ్లున్నారు. పక్కవాళ్లకు మీ శ్వాస వినపడుతోందంటే ఎక్కువ పీలుస్తున్నట్టే. ఛాతీ పైభాగంతో పీల్చేవాళ్లకు మెడ పక్క కండరాలు ప్రతి శ్వాసకూ లేవాలి. నిమిషానికి పన్నెండు సార్లనుకున్నా అరగంటకు మూడు వందల అరవై సార్లు. మెడ అలసిపోదా మరి!

మందులు కూడా ఒకసారి చూసుకోవాలి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక జబ్బులకిచ్చే కొన్ని మందులు దవడను, మెడను మెలితిప్పినట్టు చేస్తాయి. దిగులు, ఆందోళనలకిచ్చే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి వాడేవారిలో కొందరికి పళ్లు కరుచుకునే అలవాటు వస్తుంది. ఆయాసానికి పీల్చే సాల్బ్యుటమాల్ చేతులు వణికిస్తుంది. ఏదీ సొంతంగా ఆపవద్దు, రాసిన డాక్టరుకు చెప్పండి. థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్లకు పెదవుల చుట్టూ తిమ్మిరి వస్తే ఆలస్యం చేయకుండా కాల్షియం పరీక్ష చేయించాలి. ఖాళీ కడుపున రెండు చాయ్‌లు తాగి కూర్చుంటే కనురెప్ప అదరడం మామూలే. దానికి నిద్ర, చాయ్ తగ్గించడం చాలు.

బొగ్గుగుట్ట:

సార్, గోదావరిఖని నుంచి. మా దగ్గర నైట్ షిఫ్ట్ దిగి ధ్యానానికి కూసునేటోళ్లు ఉన్నరు. వాళ్లకు బిగువు కాదు, ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు ఒళ్లంత ఎగురుతది. తల టక్కున ముందుకు పడుతది. దీనికేంది?

ఎర్రగట్టు గుట్ట:

రాత్రంతా మేలుకున్న ఒళ్లు కళ్లు మూయగానే నిద్రలోకి జారుతుంది. నిద్ర అంచున అలా ఎగరడం ఆరోగ్యవంతులకూ వస్తుంది, అలసట, చాయ్ ఎక్కువైతే మరీ వస్తుంది. అది ధ్యానం కాదు, నిద్ర. వాళ్లకు ముందు నిద్ర కావాలి. నిద్రలేచి స్నానం చేశాక కూర్చోమనండి. షిఫ్ట్ దిగిన వెంటనే చేయాలనుకుంటే నడక ధ్యానం నయం.

కానీ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు పొద్దున లేచిన మొదటి గంటలో చేతులు ఎగిరి గ్లాసు, బ్రష్ కింద పడుతుంటే, నిద్ర తక్కువైన రోజు ఎక్కువవుతుంటే, అది మూర్ఛలో ఒక రకం కావచ్చు. మందుతో బాగా అదుపులో ఉంటుంది. తెల్లవారుజామున లేపి ధ్యానానికి కూర్చోబెట్టే హాస్టళ్లలో ఇది తెలిసి ఉండడం అవసరం, నిద్ర తగ్గించడమే దానికి ఆజ్యం. అలాగే ఒకే పక్క చేయి, కాలు అదరడం, అదిరినప్పుడు తెలివి తప్పడం, నాలుక కొరుక్కోవడం, కండరం సన్నబడి బలం తగ్గడం, తల ఎప్పుడూ ఒకే పక్కకు తిరిగిపోవడం, వీటిలో ఏది ఉన్నా ధ్యానం సంగతి పక్కనపెట్టి న్యూరాలజీలో చూపించాలి.

కోరుట్ల పెద్దచెరువు:

మా దగ్గర బీడీలు చేసే ఆడోళ్లకు సాయంత్రం ధ్యానం చెప్తున్నం. పొద్దుందాక ఒడిలె చాట పెట్టుకుని తల వంచి కూసున్నోళ్లు. మళ్ల కూసోమంటె మెడలు పట్టేస్తున్నయ్. వాళ్లకు ఎట్ల చెప్పాలె?

మానేరు ఒడ్డు:

అక్కా, వాళ్లను కూర్చోబెట్టకండి, పడుకోబెట్టుండ్రి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి, తల కింద అంగుళం, రెండంగుళాల మందం దుప్పటి మడత. మోకాళ్లు మడిస్తే నడుము నేలకు ఆనుతది. చేతులు పొట్ట మీద. పది రోజులు పది నిమిషాలు అట్లనే శ్వాస చూడమనుండ్రి. నిద్ర వస్తే రానివ్వండి.

దానికి ముందు ఎనిమిది నిమిషాలు బిగించి వదిలే పద్ధతి చెప్పుండ్రి. షికాగో వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1929లో ఈ పద్ధతిని పుస్తకంగా తెచ్చిండు. పిడికిలి, మోచేయి, భుజాలు చెవులకు, కనుబొమ్మలు, దౌడ, పొట్ట, పిరుదులు, తొడలు, పాదాలు. ఒక్కోటి ఐదు సెకన్లు బిగించి, ఇరవై ముప్పై సెకన్లు వదిలి ఆ తేడా చూడాలె. చాలామంది చేసే తప్పు, పూర్తి బలంతోని బిగించడం. మొత్తం బలంలో పావు వంతు చాలు. బీడీ చేసే చేతికి బొటనవేలు ముందే అలిసి ఉంటది కాబట్టి ఆ పిడికిలి ఇంకా మెల్లగా. మెడను మాత్రం బిగించమనకండి, భుజాలు లేపి దించితే సరిపోతది. పాదాల వేళ్లను కిందికి వంచితే పిక్క పట్టుకుంటది, ముఖం దిక్కు లాగమనుండ్రి.

వడ్డేపల్లి గట్టు:

అందరికి దండాలు. పన్నెండు రోజుల లెక్క చెప్త. మొదటి వారం కుర్చీల కూసున్న. మెడ గుంజుడు, భుజం లేసుడు రాలే. దౌడ తగ్గింది, కనుబొమ్మల ముడి మాత్రం అట్లనే ఉండె. తర్వాత అయిదు రోజులు నేల మీద, అయిదంగుళాల పీట, ఒడిల దుప్పటి, చూపు కిందికి, 9 నిమిషాలు రెండుసార్లు. ముడి రెండు రోజులు రాలే, మూడు రోజులు వచ్చింది. కపాలభాతి తగ్గించినంక చీమలు లేవు. ఒకటే మిగిలింది: ప్లాస్టిక్ కుర్చీల కూసున్నప్పుడు నడుము కింద అలుపు. ఎందుకు?

మానేరు ఒడ్డు:

ప్లాస్టిక్ కుర్చీ సీటు వెనక్కు వాలు ఉంటది, కటి మళ్లీ వెనక్కు ఒరుగుతది. సీటు వెనక సగం మీద తువ్వాల మడిచి రెండంగుళాల ఎత్తు పెట్టుండ్రి, ముందు సగం ఖాళీగా ఉంచుండ్రి. వీపు ఆనించకుండా ముందుకు జరిగి కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలె, ఆనకపోతే కింద పీట వేయుండ్రి. మెడ, భుజం కుర్చీలో పోయినయి కాబట్టి అవి కూర్చునే తీరుతోని వచ్చినవే. నేల మీదికి పోవుడు ఇంకో నెల మెల్లగా పోండ్రి. రాత్రి పడుకునే ముందు వెల్లకిలా పడుకుని, ఒక పాదానికి తువ్వాల తగిలించి కాలు పైకెత్తి ముప్పై సెకన్లు, ఒక్కో కాలుకు మూడుసార్లు. మోకాలు కొంచెం వంగినా ఫర్వాలేదు, నడుము లేవవద్దు.

పాకాల తూము:

ముడి వచ్చిన మూడు రోజులల్ల అది ఎన్నో నిమిషానికి వచ్చిందో రాసుకోండ్రి. 9లోపలనే వస్తె 7కు తగ్గించుండ్రి. ఆ టైముకు శ్వాస సన్నబడ్డదా, లేకుంటె ఏదన్న ఆలోచన పట్టిందా, అదొక్కటి గుర్తుపెట్టుకోని చెప్పుండ్రి. దాన్నిబట్టి తర్వాతది చెప్త.